మారిన వరుస ఎవరిది?

మా ముత్తాత రాఘవరావు కొండపాక చుట్టుపక్కల పన్నెండు ఊళ్ల శిస్తు లెక్కలు చూసే దేశ్‌పాండ్యా. మా తాత సీతారామారావు వాటిలో నాలుగు ఊళ్ల భూమి లెక్కలు రాసే పట్వారి. మా నాయన లక్ష్మీకాంతరావు ఒక్క ఊరికి పట్వారి. నేను డిగ్రీ చదువుతుండగా ఆ ఒక్క ఊరి పట్వారీగిరి కూడా ప్రభుత్వ ఉత్తర్వుతో పోయింది. గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదని అనను. గొప్పే. ఆ ఊళ్లలో మా ఇంటి ముందు నుంచి చెప్పులు వేసుకుని నడిచినవాడు లేడు. అది మంచిదా కాదా అన్న మాట తర్వాత వస్తుంది.

మా తాతకు ఒక పద్ధతి ఉండేది. పొలం చేతులు మారినప్పుడు భూమి లెక్కల పుస్తకమైన పహాణీలో రాసి ఊరుకునేవాడు కాడు. సంబంధించినవాళ్లను ఇంటికి పిలిపించేవాడు. రాతి అరుగు మీద కూర్చుని, వాళ్లు కింద నిలబడి వింటుండగా, మార్పును పైకి చదివేవాడు. ఈ భూమి నిన్నటిదాకా ఎవరిది, ఇప్పుడు ఎవరిది, అతని తండ్రి పేరేమిటి, తూర్పున ఎవరి మెట్ట చెలక, పడమట ఎవరి మడి. నాలుగు దిక్కులు చదివాక "సమజైందా" అని అడిగేవాడు. వాళ్లు తలలూపేవాళ్లు. అప్పటితో పని ముగిసేది.

నా ఉద్యోగంలో సగం బతుకు గడిచాక గాని, నేను చేస్తున్నది కూడా అదే పని అని నాకు తట్టలేదు.

నాకు వచ్చిన వారసత్వం

నేను డేటాబేస్ మనిషిని. హైదరాబాదులో చాలా ఏళ్లు చేశాను. ఆ కంపెనీల గురించి చెప్పడానికేమీ లేదు. అద్దాల గదులు, పుట్టినరోజు కేకులు, నా ఇంటిపేరు సరిగ్గా పలకడం రాని అధికారులు. నాయనకు పక్షవాతం వచ్చినప్పుడు సిద్దిపేటకు తిరిగి వచ్చాను. ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయాను. కరీంనగర్ రోడ్డు పక్కన మేడమీది గది కిరాయికి తీసుకుని, ఒక ప్రైవేటు డయాలసిస్ కేంద్రంలో చేరాను. మూత్రపిండాలు పనిచేయని మనుషుల నెత్తురును యంత్రంతో శుభ్రం చేసే చోటు అది. వారానికి మూడుసార్లు యంత్రం మీద పడుకోకపోతే వాళ్లు బతకరు. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. డేటాబేస్‌లో మీరు మార్చే ప్రతి వరుస వెనుక ఎక్కడో ఒక మనిషి మంచం ఉంటుంది.

ఆ కేంద్రం సాఫ్ట్‌వేర్ నేను రాసింది కాదు. ఎవరో రాసి పోయారు, నాకు వారసత్వంగా వచ్చింది. వారసత్వాలు ఎట్లా ఉంటాయో నాకు ముందే తెలుసు కాబట్టి ఫిర్యాదు చేయలేదు.

అందులో ఒక టేబుల్‌లో, అంటే పట్టికలో, యంత్రాల వంతులు ఉండేవి. ఏ రోజు, ఏ పూట, ఏ యంత్రం, ఏ రోగి అన్నది ఒక్కో వరుస. ఇంకో టేబుల్‌లో రోగుల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు. కౌంటర్‌లో షాహీన్ అనే అమ్మాయి కూర్చునేది. ఒక వంతును ఒకరికి కేటాయించాలంటే ఆమె రోగి ఫోన్ నంబర్ కొట్టేది. సాఫ్ట్‌వేర్ ఆ నంబర్‌తో రెండు టేబుళ్లను కలిపి వంతు వరుసను అప్‌డేట్ చేసేది. తర్వాత తెర మీద "ఒక వరుస మారింది" అని వచ్చేది. ఆకుపచ్చ రంగులో.

ఎవరి వరుస మారిందో ఆ తెర చెప్పేది కాదు. అడిగినవాళ్లూ లేరు.

యాదగిరి నంబర్

కోహెడ నుంచి రాజవ్వ అనే ముసలామె వచ్చేది. భర్త లేడు, పిల్లలు లేరు. ఆమెకు ఫోన్ కూడా లేదు. రోగులను నమోదు చేసుకునే రోజున నంబర్ చెప్పమంటే, తనను ఆటోలో తీసుకువచ్చే యాదగిరి నంబర్ చెప్పింది. మన దగ్గర అది మామూలే. ఫోన్ లేనివాళ్లు కిరాణం దుకాణం నంబరో, ఆటో నంబరో ఇస్తారు. యాదగిరి కోహెడ నుంచి రాజవ్వతో పాటు మరో ఇద్దరిని కూడా తీసుకువచ్చేవాడు. ఆ ఇద్దరూ అతని నంబరే ఇచ్చారు. వాళ్లలో ఒకడు కనకయ్య.

సాఫ్ట్‌వేర్ రాసిన మనిషి ఏ పట్నంలోనో కూర్చుని, ఒక నంబరుకు ఒక మనిషే ఉంటాడనుకున్నాడు.

ఒక వారం ఒక యంత్రం చెడిపోయింది. దాని మీది వంతులన్నీ వేరే పూటలకు మార్చాల్సి వచ్చింది. షాహీన్ యాదగిరికి ఫోన్ చేసి, రాజవ్వను గురువారం పొద్దున తీసుకురమ్మని చెప్పింది. గురువారం పొద్దుటి వంతును తెరిచి యాదగిరి నంబర్ కొట్టింది. ఆకుపచ్చ రంగు వచ్చింది.

జరిగిందేమిటంటే, ఆ నంబర్ ముగ్గురు రోగులతో కలిసింది. మార్చాల్సింది ఒక్క వంతు, దానికి జతపడ్డవాళ్లు ముగ్గురు. అలాంటప్పుడు మా డేటాబేస్ తప్పు అని అరవదు. ముగ్గురిలో ఒకరిని తనకు తోచినట్టు తీసుకుని రాసేస్తుంది. ఏ ఒకరిని అన్నది ముందుగా చెప్పలేం. ఆ రోజు కనకయ్యను తీసుకుంది. మారింది ఒకటే వరుస కాబట్టి, "ఒక వరుస మారింది" అన్నది అబద్ధం కాదు. లెక్క సరిగ్గా ఉండి మనిషి తప్పిపోవడమంటే ఇదే.

గురువారం పొద్దున రాజవ్వ వచ్చి బెంచీ మీద కూర్చుంది. టెక్నీషియన్ కనకయ్య పేరు పిలిచాడు. కనకయ్య రాలేదు, అతని వంతు శుక్రవారం. యంత్రం ఖాళీగా పోకూడదని తర్వాతి పూట జాబితాలో పేరున్న మరొకరికి ఇచ్చేశారు. రాజవ్వ మాత్రం తన పేరు పిలుస్తారని కూర్చునే ఉంది. లేచి అడగలేదు. మన దవాఖానాల్లో పేదవాళ్లు అడగరు, పిలిచేదాకా కూర్చుంటారు. మధ్యాహ్నం యాదగిరి తీసుకుపోవడానికి వచ్చి, ఆమె చేతికి సూది గుచ్చినచోట వేసే పట్టీ లేకపోవడం చూసి, కౌంటర్ మీద చెయ్యి వేసి అడిగాడు.

షాహీన్ వెతికింది. గురువారం వంతుల్లో రాజవ్వ పేరు లేదు. మేనేజర్ రమేశ్ వచ్చి, యంత్రాలు ఖాళీ లేవు, రేపు రమ్మన్నాడు. ఆమె వెళ్లి ఆటో ఎక్కింది.

పొద్దు గూకకముందే యాదగిరి ఆమెను మళ్లీ తీసుకువచ్చాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆమె కూర్చోలేక, పడుకోలేక, ఆటో కడ్డీని రెండు చేతులతో పట్టుకుని ఉంది. డాక్టర్ అప్పుడే యంత్రం మీదున్న ఒకతన్ని కొంచెం ముందుగా దింపి ఆమెను ఎక్కించాడు. బతికింది. ఆ రోజు మా కేంద్రం చేసిన మంచిపని అదొక్కటే, అది కూడా మా తప్పు దిద్దుకోవడానికి.

మేనేజర్‌తో మాట

రమేశ్ మంచి వ్యాపారస్తుల ఇంటి పిల్లవాడు. బట్టల దుకాణం నడిపినట్టే దవాఖాన నడిపేవాడు, దాంట్లో తప్పు లేదు. కాని తప్పు ఎక్కడ జరిగినా కౌంటర్ దగ్గరి మనిషిదే అని ముందే తేల్చుకునే అలవాటు అతనికి ఉండేది. షాహీన్‌ను తీసేస్తానన్నాడు. ఆమె కొట్టిన నంబర్ సరైనదేనని, తప్పు సాఫ్ట్‌వేర్‌ది అని నేను చూపించాను.

నేను అడిగినవి రెండు. మొదటిది, ఇకమీదట ఫోన్ నంబర్‌తో మనుషులను కలపొద్దు, ప్రతి రోగికీ మనమే ఒక సంఖ్య ఇచ్చి దానితోనే కలపాలి. దీనికి వెంటనే ఒప్పుకున్నాడు. రెండోది, వంతు మార్చినప్పుడల్లా తెర మీద రోగి పేరు, ఊరు, పాత వంతు, కొత్త వంతు, యంత్రం ఉన్న గది కనిపించాలి. షాహీన్ దాన్ని ఎదుటి మనిషికి పైకి చదివి వినిపించాలి. ఇక్కడ అడ్డం తిరిగాడు.

"మనకు కావాల్సింది అయిందా కాలేదా అన్నదే గద సార్. గింత చదువుకుంట కూసుంటే లైన్ రోడ్డు మీదికొస్తది."

"అయిందంటే ఎవరికి అయింది?"

"సార్, మీది పట్వారి ఖాందాన్ అంట గద. గందుకే మీకు చదివి వినిపించుడు ఇష్టం."

వెక్కిరింపే. అయినా నిజం కావడంతో కోపం తెచ్చుకోలేదు. అవును, మా ఇంట్లో చదవకుండా ఏ మార్పూ ముగిసేది కాదు అన్నాను. చదవొద్దంటే నా రాజీనామా ఇప్పుడే రాసిస్తానని కూడా అన్నాను. అప్పుడు ఒప్పుకున్నాడు. రాజీనామా అన్న మాటను నా జీవితంలో ఆ ఒక్కసారే వాడాను. దాన్ని తరచూ వాడేవాళ్లను నేను గౌరవించను.

పని ఎట్లా చేశామంటే

కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది కొంచెం వివరంగా రాస్తాను.

చాలామంది ముందు అప్‌డేట్ చేసి, తర్వాత డేటాబేస్‌కు వేరే ప్రశ్న వేసి ఆ వరుసను మళ్లీ చదువుతారు. ఈ రెండింటి మధ్య రెండో కౌంటర్ నుంచి ఇంకొకరు అదే వంతును మార్చవచ్చు. అప్పుడు మీరు చదివేది మీరు రాసింది కాదు, వాళ్లు రాసింది. మా డేటాబేస్‌లో అప్‌డేట్ వాక్యం చివర 'రిటర్నింగ్' అన్న మాట పెడితే, మార్చిన వరుసను ఆ వాక్యమే తిరిగి ఇస్తుంది. కొన్ని డేటాబేసుల్లో ఈ సౌకర్యం ఉండదు, కొన్నింటిలో వేరే పేరుతో ఉంటుంది. మీది ఏ రకమో ముందే తెలుసుకోండి.

చాలామందికి తెలియని సంగతి, ఆ తిరిగి ఇచ్చేది మార్చిన టేబుల్‌లోనిదే కానక్కరలేదు. అప్‌డేట్‌లో జతచేసిన టేబుళ్ల నుంచి కూడా అడగవచ్చు. వంతుల టేబుల్‌లో రోజు, పూట పక్కన రోగి సంఖ్య, యంత్రం సంఖ్య మాత్రమే ఉంటాయి. సంఖ్య చదివి వినిపిస్తే ఏ రాజవ్వకు అర్థమవుతుంది? రోగుల టేబుల్‌ను జతచేసి పేరు, ఊరు తెచ్చాను. యంత్రాల టేబుల్‌ను జతచేసి గది తెచ్చాను. పూటతో కలిపి ఇవే నా నాలుగు దిక్కులు.

పాత విలువ తేవడం కొంచెం తిరకాసు. రిటర్నింగ్ మామూలుగా కొత్త విలువనే చెబుతుంది. అందుకని వంతుల టేబుల్‌నే ఇంకో పేరుతో రెండోసారి జతచేశాను. ఆ రెండో పేరు కింద ఉండేది మారకముందటి వరుస. దానికి ముందే తాళం వేసి చదివితే, మధ్యలో ఇంకొకరు చెయ్యి పెట్టలేరు. ఈ మధ్య వచ్చిన డేటాబేసుల్లో పాతది, కొత్తది అని నేరుగా అడగవచ్చని విన్నాను. సంతోషం.

ఒక జాగ్రత్త. జతచేసిన టేబుల్‌లో దొరకని మనిషి ఉంటే అప్‌డేట్ జరగదు, గొడవా చేయదు. ఖాళీ చేతులతో తిరిగి వస్తుంది. నారాయణరావుపేట నుంచి వచ్చే ఒక రోగికి ఇట్లాగే జరగబోయింది. ఏమీ తిరిగి రాకపోతే అది కూడా జవాబే. ఆకుపచ్చ రంగు వేయకండి.

రాజవ్వ చెప్పింది

రాజవ్వకు నయమయ్యాక, చదివి వినిపించడం మొదలైన వారంలోనే, ఆమె కౌంటర్ దగ్గర నిలబడి ఉండగా నేను లోపలి నుంచి వచ్చాను. షాహీన్ ఆమెకు వంతు చదువుతోంది. రాజవ్వ తలూపింది. తర్వాత నా వైపు చూసి, నువ్వు ఎవరి కొడుకువు అని అడిగింది. చెప్పాను. ఆమె పుట్టిల్లు కొండపాక దగ్గర మా ఊరేనట.

నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పడం కష్టం. నాయన పోయాక మా తాత పేరు ఎరిగిన మనిషిని నేను కలుసుకోలేదు. సిద్దిపేటలో నేను పలానా అని చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఇంటి ఓనరు నన్ను "పై గది సార్" అంటాడు. ఆ సంతోషంలో, మా తాత కూడా ఇట్లాగే చదివి వినిపించేవాడు కదా, నీకు గుర్తుందా అని అడిగాను.

"గుర్తులేకేం పంతులూ. మా నాయిన తోటి నేను గూడ వచ్చిన. నాయిన కౌలుకు దున్నుకునే చెలక ఇంకొకల పేరు మీదికి మార్చిండు మీ తాత. అరుగు మీద కూసుండి మంచిగనే చదివిండు."

"మరి మీ నాయన ఏమన్నాడు?"

"ఏమంటడు. తల ఊపిండు. అరుగు కింద నిలబడ్డోడు కాదంటే ఊర్ల ఉండనిస్తరా?" ఆమె షాహీన్ వైపు చెయ్యి చూపింది. "గీ పిల్ల చదివినా నేను గట్లనే ఊపిన. నాకేం ఇనబడలే."

ఆ మాటకు కోపం రాలేదంటే అబద్ధం. మా తాతను అట్లా అన్నవాళ్లు నా ఎదుట ఎవరూ లేరు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. వంశం గురించిన మాటలకు వేరే సమయాలుంటాయి. పని గురించి మాత్రం ఆమె చెప్పింది సరైనదే. మార్పును చదివి వినిపించడం సగం పని. విన్నవాడు కాదు అనగలిగినప్పుడే మిగతా సగం పూర్తవుతుంది. మా తాత పద్ధతిలో ఆ సగం లేదు. నేను రాసిన దాంట్లోనూ లేదు.

మళ్లీ రాశాను. మనిషి జవాబు చెప్పేదాకా డేటాబేస్‌లో తాళం పట్టుకుని కూర్చోకూడదు, మిగతా కౌంటర్లు ఆగిపోతాయి. అందుకని మార్పును "ఇంకా ఒప్పుకోలేదు" అన్న గుర్తుతో రాసి, తిరిగి వచ్చిన వివరాలను షాహీన్ చేత చదివించి, "అవునా, కాదా" అని అడిగించాను. అవునంటే గుర్తు పోతుంది. కాదంటే పాత వరుస తిరిగి వస్తుంది. పాత విలువను ముందే తెచ్చి పెట్టుకున్నది ఇక్కడ పనికొచ్చింది. కౌంటర్ ఇవతల ఒక కుర్చీ కూడా వేయించాను. అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ ఒకే ఎత్తులో ఉండాలని. రమేశ్ ఆ కుర్చీ గురించి కూడా ఏదో అన్నాడు, అది రాయదగ్గది కాదు.

మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు రాజవ్వ అంతా విని "కాదు" అంది. షాహీన్ కంగారుపడి నన్ను పిలిచింది. పేరు చూశాను, ఊరు చూశాను, పూట చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఏం తప్పుందవ్వా ఇందులో?"

"తప్పేం లేదు. కాదంటే ఏమైతదో చూద్దామని అన్న."

షాహీన్ నవ్వు ఆపుకోలేకపోయింది. పాత వరుస తిరిగి వచ్చింది. ఆమెకు తెర చూపించాను. మళ్లీ మార్చి, మళ్లీ చదివించాను. ఈసారి "అవు" అంది, గట్టిగా, బెంచీల మీది వాళ్లందరూ తలెత్తేటంత గట్టిగా.

అప్పటి నుంచి వచ్చినప్పుడల్లా యంత్రం ఎక్కబోయే ముందు నా గది తలుపు దగ్గర ఆగేది. తిన్నావా అని అడిగేది. మా తాతను గురించి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నన్ను తిన్నావా అని అడిగే మనిషి అప్పటికి ఇంకెవరూ లేరు. ఇప్పుడూ లేరు.

ఖాళీ చేయడం

డయాలసిస్ జబ్బును ఆపుతుంది, నయం చేయదు. రాజవ్వ ఒక వానాకాలంలో కోహెడలోనే పోయింది. నిద్రలో పోయిందని యాదగిరి వచ్చి చెప్పాడు. అతను బయట ఆటో ఇంజన్ ఆపకుండానే వచ్చి చెప్పి వెళ్లిపోయాడు. ఆటోలో, ఇంటికి దింపాల్సిన ఇంకో ఇద్దరు రోగులు కూర్చున్నారు.

ఎవరైనా పోతే వాళ్లకు రాబోయే వంతులన్నిటినీ ఖాళీ చేయాలి. ఆ పని కౌంటర్‌కు ఇవ్వలేదు, నా దగ్గరే ఉంచుకున్నాను. ఆ సాయంత్రం ఆమె సంఖ్య కొట్టి అప్‌డేట్ నడిపాను. వాక్యం తన పద్ధతి ప్రకారం అన్నిటినీ తిరిగి ఇచ్చింది. పాత విలువ రాజవ్వ, ఊరు కోహెడ, గది కిటికీ వైపుది, పూట పొద్దుటిది. కొత్త విలువ ఉండాల్సిన చోట ఖాళీ. కింద, "అవునా, కాదా" అని అడుగుతోంది. నేను రాసిన నియమమే, చనిపోయినవాళ్లకు మినహాయింపు పెట్టాలని నాకు తోచలేదు.

గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. పేరు, ఊరు, గది, పూట పైకి చదివాను. చదవకుండా నొక్కడం నాకు చేతకాలేదు. తర్వాత అవును నొక్కాను.

నేను పదవీ విరమణ చేశాక కేంద్రం చేతులు మారింది. కొత్తవాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నారు. మొన్న ఆ దారిన పోతూ చూశాను. అందులో వంతు మారితే ఆకుపచ్చ రంగు వస్తుంది. కుర్చీ లేదు. షాహీన్ పెళ్లయి నిజామాబాదు వెళ్లిందట.

ఈ రాసింది చదివి ఎవరైనా ఒక్కరు, తమ అప్‌డేట్ వాక్యం చివర పేరు, ఊరు తిరిగి అడిగి, దాన్ని కాదనగలిగే మనిషి ముందు పెడితే, నాకు అది చాలు. నేను ఇంకేమీ బోధించలేను.

మా ఊళ్లో ఇల్లు ఎప్పుడో కూలిపోయింది, అరుగు మాత్రం నిలిచి ఉండేది. రాజవ్వ చనిపోయిన ఏడాదే దాని రాళ్లన్నిటినీ రాజీవ్ రహదారి పక్కన దాబా కడుతున్న ఒకతనికి అమ్మేశాను.